మొదటి బొటనవేలు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇలాంటివి చెప్పుకునేవాళ్లు బరువు మోయలేకపోతున్నామంటారు. నేను మోయగలిగాను. అదే నా బాధ. పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఆ అబద్ధాన్ని కూడా వెంటబెట్టుకుని రోజూ డ్యూటీకి వెళ్లాను. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని అందరితో కలిసి అన్నం తిన్నాను. అంత మామూలుగా ఎలా బతికానా అని తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే "పోనీలే, అయిందేదో అయింది" అంటారు. ఆ మాట నాకు వద్దు. మీరు కూడా అనకండి.

శంషాబాద్‌లో ఒక క్లినిక్ ఉంది. కింద మందుల షాపు, పైన మేము. నేను అక్కడ మేనేజరును. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఆసుపత్రులు నడిపే చదువు చదువుకుని, ఇక్కడ చేరాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లు, గోదాముల్లో పనిచేసేవాళ్లు, గగన్‌పహాడ్, కాటేదాన్ ఫ్యాక్టరీల వాళ్లు. పొద్దున రక్తం ఇచ్చి డ్యూటీకి పోతారు. రిపోర్టు కోసం మళ్లీ రావాలంటే వాళ్లకు ఒక పూట పని పోయినట్టే. కాబట్టి రిపోర్టులో ఏదైనా ప్రమాదం కనిపిస్తే మేమే ఫోన్ చేసి పిలవాలి.

నేను చేరేనాటికి ఆ ఫోన్ ఎవరు చేయాలో ఎవరికీ తెలియదు. రిసెప్షన్ అమ్మాయి చేస్తుందిలే అని నర్సు, డాక్టరు గారు చూసుకుంటారులే అని రిసెప్షన్ అమ్మాయి, ఇంతమందికి జీతాలిస్తున్నాను ఎవరో ఒకరు చేయరా అని డాక్టరు గారు. ఎవరూ చేసేవారు కాదు. తర్వాత అందరూ అందరి మీదా అరుచుకునేవారు.

నేనొక పద్ధతి పెట్టాను. ప్రమాదమైన రిపోర్టు రాగానే ల్యాబ్ వాళ్లు మా ఫోను గ్రూపులో పెడతారు. దాని కింద ఎవరు ముందు బొటనవేలు గుర్తు పెడితే ఆ పని వాళ్లది. వాళ్లే పేషెంటుకు ఫోన్ చేయాలి. చేశాక "చెప్పాను" అని రాయాలి. అంతే. చిన్న పిల్లలకు కూడా అర్థమయ్యే పద్ధతి. నిజంగానే పనిచేసింది. అరుపులు తగ్గాయి. పొద్దున్నే అందరం నిలబడి, ముందురోజు ఎక్కడ పొరపాటు జరిగిందో మాట్లాడుకోవడం కూడా నేనే మొదలుపెట్టాను. "తప్పు చెప్పుకుంటే తప్పు లేదు" అని రాయించి గోడకు అంటించింది కూడా నేనే. అది ఇప్పటికీ ఉంది. రోజూ దాని కిందే నిలబడతాను. సిగ్గుందా నాకు?

ఆ పద్ధతిలో ఒక చీడ ఉండేది. అది నాకు మొదట్లోనే కనిపించింది. నేను బొటనవేలు పెడితే చాలు, మిగతావాళ్లు కూడా వెనకే పెట్టేవారు. పని తీసుకోవడానికి కాదు. మేడం పెట్టాక మనం పెట్టకపోతే బాగుండదని. ఎదురుపడితే నమస్తే పెట్టినట్టు అది. ముందు పెట్టినవాళ్లు ఒక్కరే పెట్టాలి, రెండోవాళ్లు పెట్టకూడదు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నాకు నచ్చింది కాబట్టి. నా వేలి వెనక వరసగా అన్ని వేళ్లు లేస్తుంటే చూసుకోవడానికి బాగుండేది. ఇంకొకటి కూడా ఉంది. వేరేవాళ్లు "చెప్పాను" అని రాయకపోతే నేను నిలదీసేదాన్ని. నేను రాయకపోతే అడిగేవారే లేరు. మేడంను ఎవరు అడుగుతారు?

అడిగేది ఒక్కతే. సలోమి.

సలోమి మా నర్సు. శంషాబాద్ పక్క ఊరే. ఆదివారం పొద్దున ప్రార్థనకు వెళ్లి, అటునుంచి అటే తెల్ల చీర మీదనే డ్యూటీకి వచ్చేది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. అందరూ నన్ను మేడం అంటే తను మాత్రం అక్కా అనేది. మొదట్లో నాకు చిరాకు వేసింది. తర్వాత, నిజం చెప్పాలంటే, ఈ ఊళ్లో నన్ను అక్కా అని పిలిచే మనిషి తను ఒక్కతే అయింది. నాకు జ్వరమొస్తే వాళ్లింటి నుంచి జొన్న గటక తెచ్చి, తినేదాకా కదలలేదు. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎవరికి చేశానో మీకు తెలియాలి కాబట్టి. ముక్కూ మొహం తెలియని మనిషికి కాదు.

ఆ రోజు సంగతికి వస్తాను. రావాలని లేదు. అయినా వస్తాను.

వానాకాలం. జ్వరాలు. నర్సింలు అనే క్యాబ్ డ్రైవరు పొద్దున వచ్చి రక్తం ఇచ్చి వెళ్లాడు. ఒళ్లంతా నొప్పులని నిలబడలేకపోతున్నాడు. అయినా బండి తీసుకుని ఎయిర్‌పోర్టు లైన్‌లోకి పోయాడు. సాయంత్రం డాక్టరు గారి స్నేహితుడు ఒకాయన వచ్చారు. ఆయన కూడా డాక్టరే. ఇద్దరూ కలిసి రెండో క్లినిక్ తెరవాలని ఆలోచన. అందులో మా పద్ధతులే పెడతారట, అన్నిటికీ నేనే మేనేజరునట. గోడ మీద తెర వేసి, నా ఫోను దానికి కలిపి, మా టీం ఎలా పనిచేస్తుందో చూపిస్తున్నాను. మంచి చీర కట్టుకున్నాను ఆ రోజు. చూడండి, అది కూడా గుర్తుంది.

నేను చెబుతుండగానే గ్రూపులో రిపోర్టు పడింది. నర్సింలుది. డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. వెంటనే ఆసుపత్రిలో చేరాలి. నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. అవును, సంతోషమే. ఇంత మంచి సమయంలో వచ్చిందేమిటా అని. "ఇదిగో, ఇప్పుడే చూడండి సార్, నేను తీసుకుంటున్నాను" అని తెర మీద అందరికీ కనపడేలా బొటనవేలు పెట్టాను. ఆ వచ్చినాయన భలే అన్నారు. మా డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. నేను తర్వాతి విషయానికి వెళ్లాను. ఫోన్ చేయలేదు.

కింద డ్రెస్సింగ్ గదిలో ఉన్న సలోమి నా వెనకే ఒక బొటనవేలు పెట్టింది, అలవాటు ప్రకారం. మిగతావాళ్లు అప్పటికే ఇళ్లకు పోయారు. తర్వాత మేం ముగ్గురం ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్‌లో భోజనానికి బయలుదేరాం. మెట్ల దగ్గర సలోమి ఎదురొచ్చి, నర్సింలుకు ఫోన్ చేశానా అని అడిగింది. వాళ్లిద్దరూ కారు దగ్గర నిలబడ్డారు. అతిథి ముందు ఒక నర్సు నన్ను లెక్క అడుగుతోంది. నాకు నామోషీ అనిపించింది. నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లు అన్నాను. తను వెళ్లింది. నేను మరిచిపోయాను. మరిచిపోవడం నేరమా అని చాలా రోజులు నాతో నేను వాదించుకున్నాను. కాదేమో. మనుషులు మరిచిపోతారు. నేను ఒప్పుకోవడానికి వచ్చింది మరిచిపోయినందుకు కాదు.

ఆ రాత్రి నర్సింలు నొప్పులకు ఏవో మాత్రలు కొని వేసుకున్నాడు. ఆ జ్వరంలో వేసుకోకూడనివి. మేం ఫోన్ చేసి ఉంటే వేసుకునేవాడు కాదు, ఆసుపత్రిలో ఉండేవాడు. తెల్లారేసరికి క్యాబ్‌ల లైన్‌లోనే రక్తం కక్కుకుని పడిపోయాడు. తోటి డ్రైవర్లు సిటీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దున క్లినిక్ తాళం తీసేసరికి అతని భార్య రిపోర్టు కోసం వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది.

నేను ఆమెకు కుర్చీ వేశాను. మంచినీళ్లు ఇచ్చాను. ఇప్పుడే వస్తానని చెప్పి, మందుల పెట్టెలు పెట్టే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఫోను తెరిచాను. రిపోర్టు కింద రెండు బొటనవేళ్లు. నాది, సలోమిది. "చెప్పాను" అన్న మాట లేదు.

నా వేలి గుర్తు మీద నొక్కాను. పోయింది.

అంత తేలిక. పెట్టడం ఎంత తేలికో తీయడం కూడా అంతే. దాని జాడ కూడా మిగలదు. చేతులు వణికాయని రాయాలని ఉంది, కానీ వణకలేదు. చీర సర్దుకుని బయటికి వచ్చాను. ఆ క్షణంలో సలోమి గురించి ఆలోచించానా? నా వేలు తీసేస్తే ఆమెదే మొదటిది అవుతుందని నాకు తట్టలేదా? తట్టింది. ఇన్నేళ్లూ తట్టలేదనే అనుకుంటూ వచ్చాను. తట్టింది.

డాక్టరు గారు రాగానే రోజూ నిలబడినట్టే అందరం నిలబడ్డాం. గోడ మీద నా అక్షరాలు. నర్సింలు భార్య కూడా గుమ్మం దగ్గరే ఉంది. రిపోర్టు ఎవరు తీసుకున్నారని డాక్టరు గారు అడిగారు. ఆయన గొంతు పెంచలేదు. సలోమి దాచలేదు. తప్పు చెప్పుకుంటే తప్పు లేదని నమ్మింది మాలో తనొక్కతే.

"సార్, థంబ్ నేను గూడ ఏసిన. కని ముందుగాల అక్కది ఉండె. అక్క ఏసింది జూసినంకనే నేను ఏసిన."

అందరూ నా వైపు చూశారు.

"నేను పెట్టలేదు సలోమీ. నువ్వు పొరపాటు పడుతున్నావు."

"ఏందక్కా, నీదే ముందుగాల ఉండె గద. మెట్ల కాడ గూడ అడిగిన నిన్ను, నర్సింలన్నకు ఫోన్ జేసినవా అని. నేను జూస్కుంట, నువ్వు పో అన్నవ్. జర యాది జేస్కో అక్కా."

"నువ్వు అడిగింది వేరే పేషెంటు గురించి. కావాలంటే ఫోన్లు తీసి చూద్దాం."

ఈ చివరి మాట నేను ఎంత నిదానంగా అన్నానో మీరు వినాల్సింది. అందరూ ఫోన్లు తీశారు. ఒక్కటే వేలు. దాని పక్కన ఒక్కటే పేరు. సలోమి పైకి జరిపింది, కిందికి జరిపింది, ఇంకో రిపోర్టేమో అని వెతికింది.

"గిదేంది? నిన్న ఉండె. దేవుని తోడు సార్, ఉండె."

తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆమె మొహంలో ముందు ఏమీ అర్థం కానట్టు ఉంది. తర్వాత అర్థమైంది. అర్థం కావడం నేను కళ్లారా చూశాను.

"సరే మేడం" అంది.

అంతే. అప్పటిదాకా అక్కా అన్న నోటితో.

నర్సింలు భార్య ముందుకొచ్చి సలోమి చేతులు పట్టుకుని ఊపేసింది. "ఒక్క ఫోన్ జేస్తే నీదేం వోతుండె? నీకు పిల్లలు లేరా?" అని ఏడ్చింది. ఆ ఏడుపు నా మీద పడాల్సింది. ఆ ప్రశ్న నన్ను అడగాల్సింది. నేను పక్కనే మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, చాలా బాధ్యత గల మేనేజరులాగా.

డాక్టరు గారు అప్పుడొక మాట అన్నారు. "పద్ధతిలో లోపం లేదు. మనిషిలోనే ఉంది." ఇది అన్నది ఎవరు? ముందురోజు సాయంత్రం గోడ మీది తెరపై నా వేలు పడటం చూసి చప్పట్లు కొట్టిన మనిషి. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. ఆయన నా కళ్లలోకి చూడలేదు, కిటికీ వైపు చూశారు. రెండో క్లినిక్ నిలబడాలంటే మా పద్ధతి తప్పు కాకూడదు, పద్ధతి పెట్టిన మనిషిది కూడా తప్పు కాకూడదు. నర్సు పోతే ఇంకో నర్సు దొరుకుతుంది. మిగతా స్టాఫ్? సలోమి పని ఎగ్గొట్టే మనిషి కాదని ప్రతి ఒక్కరికీ తెలుసు. అందరూ నేలచూపులు చూశారు. డ్యూటీలు వేసేది నేను, సెలవులు ఇచ్చేది నేను. టీం టీం అని ఎన్నాళ్లో చెప్పాను వాళ్లకు. మేమంతా ఒక్క మాట మీద నిలబడింది ఆ రోజే.

ఆయన్ని తిట్టుకుంటే నాకు కాస్త హాయిగా ఉంటుంది. చాలా ఏళ్లు ఆయన్నే తిట్టుకున్నాను. పెద్దమనిషి వేషం, పిరికి గుండె అని. కానీ నా వేలు ఆయన తీయలేదు కదా. ఆయన చూసి ఊరుకున్నారు. తీసింది నేను.

సలోమిని ఆ రోజే మానిపించారు. గ్రూపు నుంచి కూడా తీసేయాలి కదా, అది కూడా నా పనే, నేనే తీసేశాను. నర్సింలు బతికాడు. చాలా రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. మళ్లీ క్యాబ్ ఎక్కలేదని విన్నాను.

ఇక్కడితో ఆగితే నేను భయపడి ఒక తప్పు చేసిన మనిషినని మీరు అనుకోవచ్చు. ఆగను. నెల తిరగకముందే ఆరాంఘర్ వైపు క్లినిక్ మేనేజరు ఒకామె ఫోన్ చేసింది. సలోమి అని ఒక నర్సు వచ్చింది, మీ దగ్గర చేసిందట, ఎలాంటిదీ అని. ఆ పూట నన్ను ఎవరూ నిలదీయడం లేదు. ఎవరూ నన్ను చూడటం లేదు. "చాలా మంచిది" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఏమన్నానో తెలుసా? "మనిషి మంచిదే, కానీ..." అన్నాను. అని ఆపేశాను. అటువైపు ఆమె "సరే సరే, అర్థమైంది" అంది. సలోమి ఇంకో క్లినిక్‌లో కుదురుకుంటే ఎప్పుడో, ఎవరితోనో, నా సంగతి చెబుతుందని భయం. అందుకే ఆ "కానీ". ఈ చుట్టుపక్కల క్లినిక్కులన్నీ ఒకరినొకరు అడిగి తెలుసుకునేవే. నా "కానీ" ఎంత దూరం పోయిందో నాకు తెలియదు.

ఇంకా ఉంది. రెండో క్లినిక్ వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు నేనే పద్ధతులు నేర్పుతాను. నేర్పేటప్పుడు ఒక కథ చెబుతాను. ఒక నర్సు రిపోర్టు తీసుకుని ఫోన్ చేయలేదు, ఒక ప్రాణం పోబోయింది, కాబట్టి జాగ్రత్త అని. పేరు చెప్పను, మర్యాదస్తురాలిని కదా. ఎన్నిసార్లు చెప్పానో. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించేంతగా చెప్పాను. అందులో నేను ఎక్కడా లేను.

ఈమధ్య గగన్‌పహాడ్ బస్టాపులో సలోమిని చూశాను. స్కూటీ ఆపి ఫోన్ మాట్లాడుతున్నాను, తల తిప్పితే పక్కనే ఉంది. గోదాములో పనిచేసేవాళ్లు వేసుకునే పసుపుపచ్చ కోటు, చేతిలో టిఫిన్ డబ్బా. పెట్టెలు ప్యాక్ చేసే పని అనుకుంటాను. ఆ చేతులు సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడ్చేవారు కాదు. నేను తల దించుకునేలోపే తను చూసేసింది. మొహం తిప్పుకుంటుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బాగున్నరా మేడం?" అంది.

బాగున్నానని చెప్పాను. బస్సు వచ్చింది, తను ఎక్కింది. నేను స్కూటీ తోలుకుంటూ క్లినిక్‌కు వచ్చాను. ఆ రోజు కొత్తవాళ్లు చేరారు. అలవాటు ప్రకారం నా కథ మొదలుపెట్టాను. అంతా అయ్యాక వెనక నుంచి ఒక నర్సు అమ్మాయి లేచి, "గా నర్సు ఇప్పుడు ఏం జేస్తుంది మేడం? మళ్ల ఎవలన్న పనిల పెట్టుకున్నరా?" అని అడిగింది. పాపం, జాలితో అడిగింది. ఇన్నిసార్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గంట కిందటే ఆమెను చూసి వచ్చినదాన్ని, తెలియదని చెప్పాను. చెప్పి, బాత్రూంలోకి వెళ్లి, అద్దంలో నా మొహం చూసుకుంటే చెంప పగలగొట్టాలనిపించింది.

అందుకే రాస్తున్నాను. సలోమి దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకోవచ్చు కదా అంటారా? పట్టుకుంటే ఆమె ఏం చేయాలి? నన్ను లేవనెత్తాలి. ఓదార్చాలి. అదీ ఆమె చేతే చేయించుకోనా? నర్సింలు ఇంటికి వెళ్లొచ్చు, డాక్టరు గారి ముందు నిలబడవచ్చు. ఆ ధైర్యం రేపటికి వస్తుందని నేను మీకు మాట ఇవ్వను. నా మాటకు ఉన్న విలువ ఏమిటో ఇంతసేపూ చదివారు కదా.

ఫోను మారింది కానీ గ్రూపు అదే. ఇందాక వెనక్కి జరుపుకుంటూ పోయి ఆ రిపోర్టు దగ్గర ఆగాను. ఇంకా ఉంది. దాని కింద ఒక్కటే బొటనవేలు, సలోమిది. నాది మళ్లీ పెడదామని వేలు దానిదాకా తీసుకెళ్లి ఆగిపోయాను. ఇప్పుడు పెడితే నాది రెండోది అవుతుంది. తన వెనక మర్యాదకు పెట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని మళ్లీ ముందుకు తెచ్చే దారి ఫోనులో లేదు. మాటతో చెప్పడమొక్కటే ఉంది.

చెబుతున్నాను. ఆ రోజు ముందు పెట్టింది నేను. తీసేసింది కూడా నేనే.